పొట్టి నీడ

అల్లుడు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు కాబట్టే పెద్దాయన భార్య చచ్చిపోయింది. మూడేళ్ళుగా ఇది తేలిపోయిన విషయం. ఇందులో ఎవరి సలహా ఆయనకి అక్కర్లేదు.

"తాతయ్యా, భూమి అంత గిర్రున తిరుగుతుంటే మనకి కళ్ళు తిరగవేం?" అంది మనవరాలు.

"నాకు తిరుగుతూనే ఉన్నాయి. ముందు కర్ర నిలబెట్టు."

బడి పైకప్పు బాగుచేస్తున్నారని పిల్లల్ని నెలరోజులు ఇళ్ళకి తోలి, వెనకాలే పాఠాల కాగితాలు పంపారు. కూతురు ఆఫీసుకి పోతూ పిల్లని, కాగితాలని కలిపి ఆయన నెత్తిన పెట్టి పోతోంది. ఎనిమిదో తరగతితో చదువు కట్టిపెట్టి మిల్లులో చేరిన మనిషి. రాక్షసబల్లులు ఎందుకు చచ్చాయో, సముద్రం ఎందుకు ఉప్పగా ఉందో, దేశాలు ఎందుకు కొట్టుకుంటాయో ఈ వయసులో నేర్చి చెప్పాల్సి వచ్చింది. సముద్రం దాకా ఎలాగో లాక్కొచ్చాడు. ఈ వారం సూర్యుడు.

డాబా మీద రంగు డబ్బాలో ఇసక పోసి కర్ర గుచ్చారు. ఆయన చేతి గడియారం చూసి నిమిషాలు చెబుతుంటే, పిల్ల నీడ కొసన సుద్దముక్కతో గీత పెడుతుంది. నీడ తగ్గుతూ తగ్గుతూ ఒకచోట ఆగి మళ్ళీ పెరుగుతుంది. అన్నిటికంటే పొట్టి నీడ పడ్డ వేళని రాయాలి.

"పన్నెండూ ఇరవై ఎనిమిది," అన్నాడాయన.

"కాగితంలో మన ఊరికి పన్నెండూ ఎనిమిది అని వేశారు."

"అచ్చేసినవాడు నిద్రలో ఉండి ఉంటాడు. రేపు మళ్ళీ చూద్దాం."

ఆ చేతి గడియారం మిల్లువాళ్ళు ఇచ్చింది. వరసగా ముప్పై ఏళ్ళు ఒక్కరోజూ ఆలస్యం కానందుకు బహుమానం. పెళ్ళికి ముందు ఆయన్ని రెండుసార్లు గేటు బయట నిలబెట్టారు. పెళ్ళయ్యాక ఆ మాటే లేదు. రోజూ పొద్దున్నే చేతికున్న గడియారాన్ని గోడ గడియారానికి సరిపెట్టుకుని బయల్దేరేవాడు, ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. వెళ్ళేసరికి గేటు ఇంకా మూసే ఉండేది. గేటువాడు బద్ధకస్తుడు. సైరను మోగించేవాడు తాగుబోతు. ఆరింటి పాలవాడు నేటికీ ఆరూ ఇరవైకి వస్తాడు. లోకమంతా అంతే.

ఆ రోజూ అంతే. భార్య గుండె పట్టుకుని మంచం మీద వాలిపోయింది. గోడ గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ. ఆయన పక్కింటి ఫోను నుంచి అల్లుడికి చెప్పాడు. అల్లుడిది అద్దె కారు. "పదింటికల్లా వాకిట్లో ఉంటాను మామయ్యా," అన్నాడు. పది నిమిషాలేగా అని ఆయన ఇంకో బండి పిలవలేదు. ఆమె గడియారం వంకే చూస్తూ ఏదో చెప్పబోయింది. "మాట్లాడకు, ఆయాసం వస్తుంది," అన్నాడు. కారు పదీ ఇరవైకి వచ్చింది.

ఆస్పత్రిలో ఆయన చీటీ రాయించుకుని వచ్చేసరికి ఆమె చెయ్యి అల్లుడి చేతిలో ఉంది. క్షమించమని అడుగుతున్నాడనుకున్నాడు. ఆమె క్షమించి ఉంటుంది కూడా, అంత మెత్తటి మనిషి. ఒక్క పావుగంట ముందు తెచ్చి ఉంటేనా, అన్నాడు డాక్టరు తర్వాత. ఆనాటి నుంచి అల్లుడికి గేటు దాకానే ప్రవేశం; ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదింటికని పిల్లని తీసుకుపోడానికి వచ్చినా అక్కడే హారను కొడతాడు.

రెండోరోజు కర్ర వాలిందేమోనని దారానికి రాయి కట్టి నిటారుగా సరిచేశాడు. పన్నెండూ ఇరవై ఎనిమిది. మూడోరోజూ అదే.

"సూర్యుడు కూడా మీ నాన్న కోవేనన్నమాట," అన్నాడు విసుగ్గా.

పిల్ల సుద్దముక్క కింద పెట్టింది. "పాలబ్బాయీ ఇరవై, నాన్నా ఇరవై, సూర్యుడూ ఇరవై. అందరూ సరిగ్గా ఇరవయ్యే ఎందుకు తాతయ్యా? ఒక్కడైనా పదిహేను అవ్వొద్దా?"

 ఆయన మెట్లు దిగి, గోడ గడియారం ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెళ్ళయిన వారానికి ఆమె పుట్టింటి నుంచి తెచ్చి తగిలించిన గడియారం. కీ ఇచ్చేదీ ఆమే, ముల్లు దిద్దేదీ ఆమే. "మీ మోటు చేతులు పెట్టకండి," అనేది. ఆమె పోయాక కీ ఇస్తున్నాడు గానీ ముల్లు ముట్టుకోలేదు. ఒక్క నిమిషం తప్పేది కాదు.

సాయంత్రం దాకా ఆ కుర్చీలోంచి లేవలేదు. పిల్ల రొట్టె తిందామని పిలిచి, తినమని బతిమాలి, చివరికి తనే తినేసింది.

గోడ మీద ఐదూ ఇరవై అయింది. గేటు బయట హారను మోగింది. ఆయన చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి గేటు తీశాడు. అల్లుడు కారు దిగి, ఏం ముంచుకొచ్చిందోనని నిలబడిపోయాడు.

"ఇప్పుడు టైమెంత?"

"ఐదు, మామయ్యా."

"ఆ రోజు నువ్వు పదింటికే వచ్చావు."

అల్లుడు తల దించుకున్నాడు.

"గడియారమే ముందు నడుస్తోంది. ముల్లు జరిపింది మీ అత్త. నేను ఆలస్యం కాకూడదని." గేటు బార్లా తీశాడు. "చెప్పాల్సింది చెప్పాను. ఇక చచ్చేదాకా ఈ సంగతి ఎత్తను. నువ్వూ ఎత్తొద్దు."

"నేనెప్పుడు ఎత్తాను మామయ్యా," అన్నాడు అల్లుడు మెల్లగా.

"అదే అడుగుతున్నాను. ఇన్నేళ్ళూ గేటు బయట నిలబడ్డావు. పదింటికే వచ్చానని ఒక్కమాట అనలేకపోయావా?"

"మీకు చెప్పొద్దని అత్తయ్య చేతిలో చెయ్యి వేయించుకున్నారు."