వదిలేసిన డిఫెండర్లు

అరాద్ బస్సు డ్రైవరు బ్రేకు కొడితే బహ్రెయిన్ దీవే రెండడుగులు ముందుకు జరుగుతుంది.

ఆ గురువారం కొట్టిన బ్రేకుకు పరశురాం చేతిలో కాగితం ఎగిరి పక్కసీటాయన ఒళ్ళో పడింది.

ఆయనకు యాభై దగ్గర ఉంటాయి. చెప్పుల నిండా పచ్చి గడ్డి.

"ఏం చీటీ తమ్మీ? కిరాణం సామానా?"

"కిరాణం కాదన్నా. ఫుట్‌బాల్ టీము."

"అబ్బో! ఓనరువు నువ్వేనా?"

ముందు సీటువాళ్ళు కిసుక్కుమన్నారు. పరశురాంకు మండింది. అయినా చెప్పాడు. గుబులున్నవాణ్ణి అడగడమే ఆలస్యం కదా!

కంపెనీ ఈ ఎండాకాలం ఒక్కరికే టికెట్టు ఇచ్చి ఇంటికి పంపుతానంది. అడిగేవాళ్ళు అరాద్, అమ్వాజ్ రెండు క్యాంపుల్లో కలిపి పదకొండు మంది.

పోయినేడు పదకొండు మందికి చీటీలు వేస్తే డబ్బాలో పన్నెండు తేలాయి. ఒక పెద్దమనిషి పేరు రెండుసార్లు! తలలు పగిలాయి.

అందుకని ఈసారి టైంకీపర్ షఫీఖ్ కొత్త ఆట పెట్టాడు. ఇక్కడి క్లబ్బుల్లోంచి తలా నలుగురు ఆటగాళ్ళను కాగితం మీద రాసుకోవాలి. వాళ్ళు మైదానంలో ఆడేదానికి వీళ్ళకు పాయింట్లు. గోలు కొడితే ఆరు. డిఫెండరైతే, తన టీము గోలు తినకుంటే నాలుగు. ఒకరి కాగితంలో ఉన్నవాడు, వాళ్ళు వదిలేస్తే తప్ప, ఇంకొకరికి దొరకడు. ఏ కాగితం ఎవరిదో షఫీఖ్ పెదవి విప్పడు, మళ్ళీ తలలు పగలకుండా.

"రేపే ఆఖరి ఆట అన్నా. నేను ఐదో నంబరు. మొదటోనికీ నాకూ పదమూడు తేడా."

"ఇంటికి పోకుంటే ఏమైతది?"

"నేనొచ్చినంక పుట్టింది నా బిడ్డ. రెండేండ్లు నిండినయి. మా జమున ఫోన్ చెవికి పెడితే, ఆ ఫోన్‌కే 'నాయినా' అని ముద్దు పెడతదట. మొన్న ఎస్టీడీ బూత్ చూసి, 'అమ్మా, మన నాయిన' అన్నదట!"

మళ్ళీ ముందు సీటువాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"రెండేండ్లకు ముద్దు పెడతది తమ్మీ. ఆరేండ్లయితే ఫోన్ కాడికే రాదు."

కాగితం మడిచి పరశురాం చేతిలో పెట్టాడు.

"ఖజూర్ క్లబ్బు డిఫెండర్లు హమ్జా, బాసిత్. వాళ్ళిద్దరిని రాసుకో."

ఈసారి పరశురాం నవ్వాడు.

"వాళ్ళ కోచ్ మారిండన్నా! కొత్తాయన యాడున్నా ఐదు కొట్టుడు, నాలుగు తినుడు. గోల్‌కీపర్‌ను సుత ముందుకు తోలే రకం. ఇంకా డిఫెండర్లకు పాయింట్లెక్కడివి?"

"ఆ మైదానంల గడ్డి కోసేది నేనే. మూడు రోజులసంది చూస్తున్న. పాత క్లబ్బుల తిన్న గోల్సు ఆయనకు ఇంకా అరగలే. గోల్ కొట్టేటోళ్ళను సుత ఎనుకకు పిలిచి కాపలా పెడుతుండు. హమ్జానేమో కార్నరొస్తే ముందుకు పంపుతుండు. ఆ పొడుగుకు తల ఊపితే సాలు."

"నిజమే అనుకో. ఇద్దరూ ఎవని కాగితంలనో ఉన్నరు. నాకెట్ల దొరుకుతరు?"

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. వంతెన అయిపోయేదాకా చూశాడు.

"కొత్త కోచంటే వానికీ భయమే కదా! వదిలేస్తడు. పొద్దుగూకినంక పోయి అడుగు."

మైదానం మలుపు దగ్గర దిగిపోయాడు. పేరు అడగాలని కూడా పరశురాంకు తోచలేదు.

పొద్దుగూకాక షఫీఖ్ దగ్గరికి వెళ్ళాడు.

"హమ్జా, బాసిత్ ఖాళీనా భాయ్?"

"ఖాళీనే. అరగంటైంది."

"యా అల్లా! ఎవడు భాయ్ ఆ తలకాయ లేనోడు?"

షఫీఖ్ తలెత్తలేదు.

"ఆట ఖలాస్ అయ్యేదాక చెప్ప. రాస్తవా, లేదా? యల్లా, జల్ది చెప్పు!"

పరశురాం ఇద్దరు గోల్ కొట్టేవాళ్ళను తీసేసి, ఆ ఇద్దరినీ రాశాడు.

శుక్రవారం ఖజూర్ క్లబ్బు ఒక్క గోలు కొట్టింది, ఒక్కటీ తినలేదు. ఆ కొట్టినది కూడా హమ్జా తలతోనే. బంతి ఎంత ఎత్తునుంచి వచ్చిందంటే, విమానంవాళ్ళు దారిచ్చారని అరాద్ క్యాంపులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

హమ్జాకు పది, బాసిత్‌కు నాలుగు. పద్నాలుగు!

పైనున్న నలుగురికీ, తన మిగతా ఇద్దరికీ ఆ రోజు సున్నాలే. పరశురాం ఒక్క పాయింటుతో మొదటివాడు.

క్యాంపంతా అతణ్ణి భుజాలమీద మోసింది. ఆ తలకాయ లేనోణ్ణి తలుచుకుని కడుపులు పట్టుకు నవ్వింది.

"ఒంటెను వదిలేసి తాడు పట్టుకున్నడురా!" అన్నాడు పరశురాం.

వారం తిరిగాక, విమానాశ్రయంలో షఫీఖ్ అతని పాస్‌పోర్టు తెచ్చి చేతికిచ్చాడు. లోపల ప్రయాణికులను పిలుస్తున్నారు.

"భాయ్, ఖజూర్ క్లబ్బుల గడ్డి కోసే అన్న ఒకాయన ఉన్నడు. ఆయన పున్నెమే ఇదంత. జమునతోని సకినాలు చేయించుకొస్త. ఆయన పేరేందో జర తెలుసుకుంటవా?"

"తెలుసుకునేదేముంది? నర్సింలు. మన అమ్వాజ్ క్యాంపే. ఆర్నెల్లసంది అక్కడ డ్యూటీ."

"మన కంపెనీయా! మరి నాకు చెప్పనేలేదు. ఆయనకు సెలవు అక్కరలేదా?"

"ఆరేండ్లైంది ఇంటికి పోక. ఆటల ఉండె. గురువారం దాక మొదటి నంబరు ఆయనదే."

పరశురాం నవ్వబోయి ఆగాడు.

"మరి... ఎట్ల పోయింది?"

షఫీఖ్ అతని సంచీ అందుకుని గేటు వైపు నడిచాడు.

"ఆట ఖలాస్ అయింది కాబట్టి చెప్తున్న. ఆ పొద్దు నీకంటె అరగంట ముందొచ్చి, తన కాగితంల ఉన్న హమ్జా, బాసిత్ పేర్లు తన చేత్తోనే కొట్టేసిపోయిండు."