వుకాశిన్ పథ్యం

టెస్ట్‌ట్యూబులో ఉన్నది రక్తమంటే ఎవరూ నమ్మరు. అడుగున సన్నటి ఎర్ర పొర. పైనంతా చిక్కటి తెలుపు.

"చూశావా గొర్దానా! మనిషి ఒంట్లో మీగడ కట్టింది," అంది డాక్టర్ దెసాంకా, ట్యూబును కిటికీ వెలుతురుకు పట్టి. ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. అసహ్యం ఉంది.

సెర్బియాలోని నీష్ నగరంలో ఒక ఆసుపత్రి రక్తపరీక్షల విభాగానికి ఆమె పదహారేళ్ళుగా పెద్ద. రోగుల మొహాలు చూడదు, చూడాలనీ అనుకోదు. రక్తం చూస్తే చాలు, ఎవడెంత తిన్నాడో, ఎంత తాగాడో, ఎన్ని అబద్ధాలాడాడో చెప్పేస్తానంటుంది.

ఆ ట్యూబు కొండల్లోని ఓ చిన్న ఊరి దవాఖానా నుంచి వచ్చింది. వెంట వచ్చిన కాగితంలో పేరొక్కటే కుదురుగా ఉంది. వుకాశిన్. పుట్టిన తేదీ గడి ఖాళీ. కడుపునొప్పి, వాంతులు. పరగడుపున మూడు గంటలు. కింద అక్కడి డాక్టరు విన్నపం: కొవ్వును విడగొట్టే ఎంజైము ఉందో లేదో దయచేసి చూడండి. అందుకోసం విడిగా తీసిన రక్తం ఇంకో ట్యూబులో పంపాడు.

"వుకాశిన్! తాతల కాలం పేరు," అంది దెసాంకా. "పన్నెండు గంటలు కడుపు మాడ్చుకోమంటే మూడు గంటలకే ప్రాణం పోయింది మహానుభావుడికి. ఇచ్చిన రక్తమైనా చూడు, చెంచాడు లేదు. పిసినారి!"

"నరం దొరకలేదని రాశారు మేడమ్," అంది టెక్నీషియన్ గొర్దానా.

"అంత కొవ్వు కింద ఎక్కడ దొరుకుతుంది?"

"ఎంజైము పరీక్ష చేసెయ్యనా?"

"వద్దు. తిన్న కొవ్వు రక్తంలోకి వచ్చాక దాన్ని విడగొట్టే ఎంజైము పుట్టుకతోనే లేకపోవడం ఏ లక్షల్లోనో ఒకడికి. ఈ మధ్య తిండిపోతులందరికీ ఆ సంగతి తెలిసిపోయింది. తినేది వీళ్ళ నోరు, తప్పు ఎంజైముది!"

ఎర్ర సిరాతో కాగితం మీద గీకింది. 'ముందు రోగి నోరు కట్టుకోవాలి. వారం తర్వాత మళ్ళీ రక్తం పంపండి.' రెండో ట్యూబు ఫ్రీజర్లో ఓ మూలకు పోయింది.

నాలుగో రోజు ఫోన్ మోగింది. అవతల ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన ఆడగొంతు.

"డాక్టరమ్మా, నేను వుకాశిన్ వాళ్ళమ్మను. మావాడి కాగితం వెనక్కి పంపేశారట. నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడమ్మా."

తల్లి ఫోన్ చేసింది! దెసాంకాకు ఒళ్ళు మండింది. ఇలాంటి కొడుకులు ఆమెకు కొత్త కాదు. సొంత తమ్ముడు వెల్కో నలభై నాలుగేళ్ళొచ్చినా అమ్మ పళ్ళెంలో పెట్టి ముందుకు జరిపితేనే తినేవాడు. అమ్మను పాతిపెట్టి వచ్చిన రోజున, వంటింట్లోకి తొంగిచూసి "అక్కా, ఈ పూట ఏముంది?" అన్నాడు.

"ఏం పెడుతున్నావు వాడికి?"

"నేనిచ్చేది తప్ప ఇంకేమీ ముట్టడమ్మా."

"రోగమంతా అక్కడే ఉంది! పందికొవ్వు వేపుడు, కయ్మాక్ మీగడ, పైన రాకియా సారా..."

"అయ్యో, దేవుడి మీద ఒట్టు. వాటి రుచే తెలీదు వాడికి."

"అందరు తల్లులూ ఇదే ఒట్టు. రోజుకెన్నిసార్లు?"

"ఎనిమిది. ఒక్కోరోజు పది."

దెసాంకా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "పదిసార్లట!" అంది గొర్దానాతో. చెయ్యి తీసి, "తగ్గించు," అంది.

"ఏడుస్తాడమ్మా."

"ఏడవనీ! నువ్వు పెట్టి పెట్టి వాణ్ణి చంపుతున్నావు. తెలుస్తోందా? వాడి ప్రాణం తీసేది నువ్వే!"

అవతల నుంచి ఒక్క వెక్కిలి వినబడింది. దెసాంకా ఫోన్ పెట్టేసింది.

వారానికి మళ్ళీ రక్తం వచ్చింది. మొదటిదానికంటే తెల్లగా ఉంది.

"సిగ్గులేని జన్మ," అంది దెసాంకా.

గొర్దానా ఆమెకు చెప్పకుండానే ఫ్రీజర్లోని ట్యూబు బయటికి తీసి పరీక్ష చేసింది. మర్నాడు పొద్దున్నే ఫలితం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎంజైము తక్కువగా ఉండటం కాదు, అసలు లేదు.

"మూడుసార్లు చేశాను మేడమ్."

దెసాంకా ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. పొరపడ్డానన్న మాట ఆ గదిలో ఆమె నోటివెంట ఎప్పుడూ రాలేదు. ఇప్పుడూ రాలేదు.

"లేకపోతే లేదు," అంది చివరికి. "మరి ఇన్నేళ్ళూ ఎలా బతికాడు? తింటే నొప్పి, మానితే హాయి. ఈపాటికి గాడిదకైనా తెలిసుండాలి. తెలిసే తిన్నాడు."

మధ్యాహ్నం కింద కౌంటర్ నుంచి ఫోన్. వుకాశిన్‌ను ఆసుపత్రికి తెచ్చారు. తల్లి ఫలితం కోసం వచ్చింది.

పదహారేళ్ళలో మొదటిసారి దెసాంకాకు ఒక రోగి మొహం చూడాలనిపించింది.

"పైకి రమ్మను. కాగితం తల్లి చేతికివ్వను. ఆ దొరగారు కూడా రావాలి. మూడంతస్తులూ మెట్లెక్కి రావాలి. కాస్త కరుగుతుంది."

తెల్లకోటు గుండీలు పెట్టుకుంది. అనాల్సిన నాలుగు మాటలూ మనసులో కూర్చుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక్కరివే. తల్లినే తోలి తాను కింద కూర్చున్నాడన్నమాట!

దెసాంకా తలుపు విసురుగా తెరిచింది.

"ఏడీ నీ కొడుకు?"

మెట్లెక్కి వగరుస్తున్న ఇరవై ఏళ్ళ పిల్ల, గుండెలకు హత్తుకున్న శాలువా అంచును భయంభయంగా పక్కకు తప్పించింది. లోపల నలభై ఒక్క రోజుల వుకాశిన్ కళ్ళు మూసుకునే, పాల కోసం నోటితో ఆమె చొక్కాను తడుముకుంటున్నాడు.