వీధి బండికి రేసు కామ్

"బావా, నీకేమైనా మతిపోయిందా?"

షెడ్డులో బల్ల మీదున్న కామ్‌షాఫ్టును చూడగానే మేస్త్రీతో బామ్మర్ది అన్న మాట అది. అనక ఏం చేస్తాడు? అది రేసు బండ్లకు వేసే కామ్. ఎదురుగా బానెట్ తెరుచుకుని నిలబడ్డదేమో ఊళ్లో తిరిగే మామూలు తెల్ల కారు. అలాంటివి వీధికి నాలుగుంటాయి.

కామ్‌షాఫ్ట్ అంటే ఇంజన్‌లో తిరుగుతూ వాల్వులను తెరిచే కడ్డీ. దాని మీది మిట్టలు చిన్నవైతే బండి బుద్ధిగా నడుస్తుంది. పెద్దవైతే ఖాళీ రోడ్డు మీద చెలరేగిపోతుంది గానీ, ఆగినచోట కుదురుగా ఉండదు. గుడుగుడుమంటూ అద్దాలు అదిరేలా వణుకుతుంది.

ఏ బండికి ఏ కామ్ వెయ్యాలో మేస్త్రీ చెప్పాడంటే ఇక తిరుగులేదు. ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డు బతుకుతున్నది ఆ పేరు మీదే. ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాడు. "బండి ఎక్కడెక్కడ తిరుగుతుంది?" అది తేలనిదే స్పానర్ ముట్టడు.

సెంటాయనను మాత్రం అడగలేదు.

సెంటాయన అంటే ఆ తెల్ల కారు ఓనరు. ప్లాట్లు అమ్ముతాడు. మనిషి కంటే ముందు వాసన వస్తుంది, మనిషి పోయినా వాసన పోదు. అందుకే షెడ్డులో ఆ పేరు పెట్టారు. "కాస్త పికప్ పెంచండి మేస్త్రీ. చప్పుడు మాత్రం రాకూడదు" అనే అడిగాడు పాపం.

"చప్పుడు లేనిది బండే కాదు సార్" అన్నాడు మేస్త్రీ. "నా మాట వినండి. ఈ కామ్ వేసుకుంటే సిగ్నల్ దగ్గర పదిమంది తల తిప్పి చూస్తారు. మీరు కూలి కూడా ఇవ్వద్దు."

పదిమంది చూస్తారనేసరికి సెంటాయన ఉబ్బిపోయాడు. "అయితే బుధవారానికల్లా ఇచ్చెయ్యండి. గురువారం మీరెలాగూ ఊళ్లో ఉండరుగా."

నిజమే, ఉండడు. గురువారం షెడ్డుకు సెలవు. అరిగిన కామ్‌లు సంచిలో వేసుకుని, పక్క ఊళ్లో సానపట్టించుకుని, చీకటిపడ్డాక వస్తాడు.

సెంటాయన అటు వెళ్లగానే బామ్మర్ది మళ్లీ అందుకున్నాడు. "ట్రాఫిక్‌లో ఎగిరెగిరి పడుతుంది బావా. వారం తిరక్కుండా తెచ్చి మన మొహాన కొడతాడు. ఊరంతా చాటింపేస్తాడు. నీ పేరు గంగలో కలుస్తుంది!"

"కలిస్తే కలవనీ."

"నా పొట్ట కూడా దాని మీదే ఉంది. పోనీ, ఆయన మీద నీకేమైనా కోపమా?"

మేస్త్రీ చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

"సెంటు అంగట్లో ఎవడైనా కొనుక్కోవచ్చురా" అన్నాడు. "ఇలాంటి చప్పుడు మాత్రం ఊరు మొత్తానికి ఒక్క బండికే ఉంటుంది."

తిక్క ముదిరిందనుకున్నాడు బామ్మర్ది.

బుధవారం పొద్దున్నుంచీ మేస్త్రీ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. టైమింగ్ చక్రాన్ని వెంట్రుకవాసి ముందుకు జరిపాడు. స్టార్ట్ చేసి విన్నాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. వాల్వులను తొక్కే టాపెట్ల సందులు సరిచూశాడు. మామూలుగా అయితే చప్పుడు సర్దుకునేదాకా వదలడు. ఈసారి సర్దుకుంటున్నప్పుడల్లా మొహం చిట్లించి చెడగొట్టాడు. చివరికి మూడు దెబ్బలు, ఒక తడబాటు, మళ్లీ రెండు దెబ్బలు. అలా కుదిరాక స్పానర్ పక్కన పెట్టాడు. కళ్లు మూసుకుని అది వింటూ నిలబడ్డాడు. బావ మొహంలో అంత దిగులు బామ్మర్ది ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం సెంటాయన గుడుగుడుమంటూ దర్జాగా వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం బామ్మర్ది దొంగలా షెడ్డుకొచ్చాడు. తెల్ల కారు నుంచి తీసిన పాత కామ్ వెతికి దాచిపెడితే, సెంటాయన గొడవకొచ్చిన రోజున బావకు తెలియకుండా మార్చేసి పరువు నిలబెట్టొచ్చని ఆశ. షట్టర్ సగమెత్తి లోపలికి దూరాడు.

చీకట్లో టైర్ల మీద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. కామ్‌ల సంచి కాళ్ల దగ్గరే ఉంది.

"అదేంటి బావా, వెళ్లలేదా?"

"షట్టర్ దించు."

దించాడు. "ఒంట్లో బాలేదా? అక్కకు ఫోన్ చెయ్యనా?"

"వద్దు!"

ఆ అరుపుకు బామ్మర్ది ఉలిక్కిపడ్డాడు. ఇంకేదో అడగబోతుండగా రోడ్డు చివర మొదలైంది. గుడుగుడుగుడు... గుడుగుడు. గుడుగుడుగుడు... గుడుగుడు.

"అయిపోయింది! చెప్పానా? ఒక్కరోజైనా కాలేదు, గొడవకొచ్చేశాడు. నువ్వేం మాట్లాడకు బావా. కాళ్లావేళ్లా పడి నేను సర్దిచెబుతాను."

షట్టర్ ఎత్తబోయిన చేతిని మేస్త్రీ పట్టుకున్నాడు.

చప్పుడు షెడ్డు ముందు ఆగలేదు. పక్కనుంచి పోయి వెనక సందులోకి తిరిగింది. సందు చివరిదాకా వెళ్లి, రెండుసార్లు గుడుగుడుమని, ఆగిపోయింది.

"హమ్మయ్య, మన దగ్గరికి కాదు" అన్నాడు బామ్మర్ది గుండె మీద చెయ్యేసుకుని.

అంతలోనే ఆ చెయ్యి తీసేసి సందు వైపు తిరిగాడు.

ఆ సందులో ఉన్నది ఒకే ఒక్క ఇల్లు, అక్కా బావలది.