ముందు బాత్‌రూములు

"ఆఫీసు తర్వాత. ముందు బాత్‌రూములు చూపించండి," అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు, గేటు దగ్గరే.

పూలగుత్తి పట్టుకుని ఎదురొచ్చిన మేనేజరమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది. మతిమరుపు జబ్బొచ్చిన పెద్దవాళ్ళ కోసం నడుపుతున్న హోం అది. గోడలకి కొత్త రంగు, హాల్లో మెత్తటి సోఫాలు. అవన్నీ చూపించాలని ఆవిడ సరదా. ఆయన వాటి వంక కన్నెత్తయినా చూడలేదు.

చూపించింది చూసి వస్తే అదేం తనిఖీ? దాచింది చూడాలి. అదీ ఆయన పద్ధతి. హోటళ్ళూ, హాస్టళ్ళూ ఆయన పేరు వింటేనే హడలిపోయేవి మరి!

వెనకాలే సంచి భుజాన వేసుకుని ఒకావిడ నడుస్తోంది. నలభై దాటి ఉంటాయి. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఇవాళ ఆయన నోట 'పాస్' అన్న మాట రావాలి. ఇప్పటికే రెండు హోంలని ఆయన నిలువునా ఫెయిల్ చేసి పారేశారు. ఒకదాంట్లో దుప్పట్లు తడి వాసనట. ఇంకోదాంట్లో ఆయా ఒక ముసలాయన్ని 'ఏయ్' అందట.

బాత్‌రూం నేల మీద అరచెయ్యి పెట్టి రాసి చూశారు ఇన్‌స్పెక్టర్‌గారు. కుళాయి తిప్పి నీళ్ళు వాసన చూశారు. పడిపోకుండా పట్టుకోవడానికి గోడకి బిగించిన కమ్మీని బలంగా గుంజారు. మేనేజరమ్మ గుండె కదిలింది గానీ కమ్మీ కదల్లేదు.

"మెట్టుంది, జాగ్రత్త సార్," అంది వెంట వచ్చినావిడ. మడత పడ్డ ఆయన కాలర్ సర్దబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

వంటింట్లో వంటాయన్ని నిలదీశారు. "రాత్రి మిగిలింది పొద్దున్న పెడతావా?"

"అబ్బే, లేదు సార్!"

గిన్నెల మూతలు తీసి చూశారు. డబ్బాల వెనక చెయ్యి పెట్టి తడిమారు. మళ్ళీ అతని వైపు తిరిగి, "రాత్రి మిగిలింది పొద్దున్న పెడతావా?" అన్నారు.

వంటాయనకి చెమటలు పట్టాయి. ఆయన అటు వెళ్ళగానే, "అడిగిందే మళ్ళీ అడిగి పట్టేసుకుంటాడ్రా బాబూ, మహా గట్టివాడు," అని గొణుక్కున్నాడు.

వరండాలో ఆయన కిటికీ గడియలు లాగి చూస్తుంటే, వెంట వచ్చినావిడ మేనేజరమ్మని పక్కకి పిలిచింది.

"మీవాళ్ళెవరూ నోరు జారరు కదా?"

"అందరికీ చెప్పి పెట్టానమ్మా. మీరు కంగారుపడకండి."

"ఇవాళ అయిపోవాలండీ. ఇంకోసారి ఈ నాటకం నా వల్ల కాదు."

అనేసి తల దించుకుంది. సిగ్గేసింది. మామూలు సిగ్గా? తల కొట్టేసినంత సిగ్గు. తనిఖీకి వెళ్ళిన చోట కప్పు టీ కూడా ముట్టని మనిషాయన. అలాంటి మనిషి పక్కనే నడుస్తూ, 'సార్ సార్' అంటూ, ఆయన కళ్ళల్లోనే దుమ్ము కొడుతోంది. పోనీ ఎవరో చెయ్యమంటే చేస్తోందా అంటే అదీ కాదు. ఈ పాడు ఆలోచన తనదే.

హాల్లో ఒక పెద్దాయన చేతిరుమాళ్ళు మడతపెడుతూ కూర్చున్నాడు. ఒకప్పుడు దర్జీ. ఇన్‌స్పెక్టర్‌గారు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నారు.

"ఇక్కడ తిడతారా?"

"తిట్టరండీ."

"కొడతారా?"

"ఛ ఛ."

"మరేం ఇబ్బంది?"

దర్జీ రుమాలు అంచులు సరిచేశాడు. "ఇంటికెప్పుడు పంపిస్తారంటే రేపంటారండీ. ఎప్పుడడిగినా రేపే."

ఇన్‌స్పెక్టర్‌గారు లేచి మేనేజరమ్మ వైపు తిరిగారు.

"వీళ్ళకి అబద్ధాలు చెప్తారా మీరు?"

ఏమనుకుందో ఏమో, ఆవిడ ఉన్నమాట చెప్పేసింది.

"చెప్తాం సార్. ఇంట్లో ఇప్పుడెవరూ లేరంటే ఆ పూటంతా ఏడుస్తారు. మర్నాటికి మర్చిపోయి మళ్ళీ అడుగుతారు. రోజూ కొత్తగా ఏడిపించలేక రేపంటాం. అన్న ప్రతిసారీ మాకూ సిగ్గుగానే ఉంటుంది."

అయిపోయింది, ఇదీ ఫెయిలే అనుకుంది వెంట వచ్చినావిడ. గోడకి ఆనుకుంది.

ఇన్‌స్పెక్టర్‌గారు కోప్పడలేదు. మేనేజరమ్మని వదిలేసి, ఈవిడ వైపు తిరిగి చాలాసేపు చూశారు. ఈవిడ చూపు తిప్పేసుకుంది. ఆయన కళ్ళల్లోకి చూడ్డానికి ముఖం చెల్లాలిగా!

"పోన్లెండి, సిగ్గయినా పడుతున్నారు," అన్నారాయన నెమ్మదిగా.

చివరి గది ఖాళీగా ఉంది. లోపలికి వెళ్ళి మంచం ఊగుతుందేమోనని కదిపి చూశారు. కిటికీ తెరిచారు. బయట బట్టలారేసిన తాడు, దాని అవతల రోడ్డు. కాసేపు అక్కడే నిలబడి, వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"ఇంట్లోవాళ్ళు ఎప్పుడు పడితే అప్పుడు రావచ్చా? ముందుగా చెప్పకుండా?"

"ఎప్పుడైనా రావచ్చు సార్."

"అయితే పాస్."

మేనేజరమ్మ బతుకుజీవుడా అనుకుంటూ మెల్లగా జారుకుంది. గదిలో వాళ్ళిద్దరే మిగిలారు.

అనుకున్నది అయిపోయింది. అయినా ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. ఛీ, ఏం మనిషిని నేను అనిపించింది. "థాంక్యూ సార్," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన మంచం మీంచి లేవలేదు. వంగి, చెప్పులు విప్పి, మంచం కిందికి తోశారు.

"కార్లో ఉన్న నా పెట్టె తెచ్చి ఇక్కడ పెట్టేసి, ఇకనైనా నాన్నా అని పిలువు తల్లీ, నేను రిటైరైపోయానన్న సంగతి ఇవాళ పొద్దున్నుంచీ గుర్తుంది."