మొదటి బటన్

రోడ్డు మీద ఎవరు పడ్డా, తప్పెవరిదో ఇప్పుడు వార్డు జనమే తేల్చాలి. రేషన్ డిపోలో మిషన్ అడిగిన ప్రశ్నకు అభిప్రాయం నొక్కితేనే సంచిలో బియ్యం పడతాయి.

పోయిన వారం సన్యాసమ్మ డిపో ముందున్న గుంటలో పడింది. మోకాలు వాచి దుంగలా అయింది. ఆమెకు ఉచిత వైద్యం ఇవ్వాలా వద్దా అన్నదే ఈరోజు ప్రశ్న. క్యూలో ఆమె ముందున్న ఎర్రయ్య చటుక్కున నొక్కేసి సంచి పట్టాడు.

"ఏటి నొక్కినావురా?" అని అడిగింది, వరసకు అతనికి అక్కయ్యే సన్యాసమ్మ.

"మొదటి బటన్, అప్పా."

"దాన్లో ఏటుంది?"

"ఎవులు చదివినారు? బేగి బియ్యం వస్తాయని అందరం అదే నొక్కుతాం."

సన్యాసమ్మ కర్ర ఆనించి, నిరుడు నేర్చుకున్న అక్షరాలను కూడబలుక్కుంటూ చదివింది. 'చూసుకుని నడవకపోవడం పడినవారి తప్పు. వైద్యం ఇవ్వనక్కర్లేదు.'

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "పొద్దున్న మా ఇంట్లో అంబలి తాగి, ఇప్పుడు నా కాలికి మందు వద్దన్నావట్రా?"

"మరి పోయిన నెల మా బావ ఇదే గుంటలో పడితే నువ్వేటి నొక్కినావప్పా? ఆడింకా మంచం దిగలేదు."

ఆ రోజు సన్యాసమ్మకు కూడా బియ్యం త్వరగానే వచ్చాయి.

"నొక్కీ అప్పా, ఎండ మాడ్చేస్తంది," అన్నారు వెనకవాళ్లు.

"ఉండండర్రా. ఇంకా మూడు బటన్లున్నాయి," అని సన్యాసమ్మ రెండోదాని మీద వేలు పెట్టి, క్యూ అంతటికీ వినబడేలా చదవడం మొదలుపెట్టింది.