ఆరో మంచం చార్టు

జంషెడ్‌పూర్‌లోని ఈ పిల్లల ఆసుపత్రిలో నేను డాక్టరుగా చేరిన మొదటి రోజు, సూది పట్టుకున్న నా చెయ్యి వణికితే మణికట్టు పట్టి నిలబెట్టింది సిస్టర్ అంతోనమ్మే. అప్పటినుంచీ ఆవిడని పిన్నీ అనే పిలుస్తాను.

ఆ రాత్రి మూడున్నరకి వార్డు చార్టులు తిరగేశాను. నాలుగింటికీ ఆరింటికీ చూడాల్సిన జ్వరాలు అప్పుడే రాసేసి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరో మంచం చార్టులో మాత్రం ఆరింటి గడిలో అంకె లేదు. అడ్డంగా ఒక గీత ఉంది, పిల్లలు పోయాక గీసే గీత.

“పిల్లల్ని చూడకుండానే రాసేత్తన్నావేటి పిన్నీ? నిన్ను నమ్మే కదా సంతకాలు పెడతన్నాను!”

అంతోనమ్మ తలెత్తలేదు. దూది ఉండలు చుడుతూనే ఉంది.

“నాను రాసింది ఒక్కపాలైనా తప్పయినాదేటమ్మా?”

తప్పు కాలేదు. ఇన్ని నెలలుగా ఆ గీతల కింద ఉన్న సంతకాలన్నీ నావే.

ఆరో మంచం దగ్గరికి పరిగెత్తాను. గోల్‌మురి పేట నుంచి వచ్చిన పాప హేమ లేచి కూర్చుని ఉంది. నుదురు చల్లగా ఉంది, ఊపిరి బాగుంది. పొద్దున్నే ఇంటికి పంపాల్సిన పిల్ల.

“డాక్టరక్కా, నా చెప్పులు పిన్ని మూటకట్టేసినాదేటి?”

గోడ గడియారంలో నాలుగవుతోంది. వెనకనుంచి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది, మొదటి రోజు పట్టుకున్నంత మెత్తగా. నా వేళ్ళ మధ్య పెన్ను పెట్టింది.