ఒక్క అక్షరం

"ఆగు! మెట్లెక్కకు."

తల్లి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆసుపత్రిలో లిఫ్టు చెడిపోయింది.

"రెండంతస్తులేగా అమ్మా."

"నీ గుండె సంగతి తేలేదాకా ఒక్క మెట్టు కూడా వద్దు."

ఆ మాట పూర్తి కాకముందే, ఒక ముసలావిడ వాళ్లను దాటుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్లిపోయింది. డెబ్బై దాటిన మనిషి. ఆయాసం లేదు సరికదా, పైగా కూనిరాగం!

తల్లికి ఒళ్లు మండింది.

ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కూతుర్ని పెంచింది. కూతురు కాలేజీలో పరుగులరాణి. మొన్నామధ్య పందెంలో గీత దాటకముందే కళ్లు తిరిగి పడిపోయింది. రక్తం పరీక్ష చేసి, డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"జన్యువంటే, ప్రోటీన్‌ను ఎలా తయారుచెయ్యాలో శరీరం రాసిపెట్టుకున్న సూచన. మీ అమ్మాయి గుండె కండరం ప్రోటీన్‌కు సంబంధించిన సూచనలో, ఒక అక్షరం ఉండాల్సిన చోట ఇంకొకటి పడింది. దాంతో ప్రోటీన్ గొలుసులో ఒక పూస మారింది."

"పూస మారితే ఏమవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు. లేదా ప్రోటీన్ పనే పాడైపోవచ్చు. ఈ మార్పును మేం ఇదివరకు చూడలేదు. చెడ్డదని తేలితే ఛాతీలో చిన్న యంత్రం అమర్చాలి. పరుగు పూర్తిగా మానెయ్యాలి."

ఆ రోజే కూతురు తన బూట్లను మంచం కిందికి తోసేసింది. మళ్లీ వాటివైపు చూడలేదు.

అప్పటినుంచి ఆసుపత్రి చుట్టూ తిరుగుడే. వరండాలో పక్క కుర్చీ మీసాలాయన పలకరించాడు.

"మీకు అక్షరం మారిందంతేగా! మావాడికి ఊడిపోయింది. మూడేసి అక్షరాలు కలిపి చదువుతారట. ఒకటి ఊడితే అక్కణ్ణుంచి అంతా తారుమారే."

"చొక్కా గుండీ తప్పు కాజాలో పెడితే కిందిదాకా వంకరపోయినట్టా?"

"అచ్చం అంతే! ఆ మూలనున్న పాపకైతే సూచన మధ్యలోనే 'ఆపు' అని పడిందట. ప్రోటీన్ సగంలో ఆగిపోతుంది. అందరిలోకీ మీరే నయం తల్లీ."

తనను చూసి కూడా అసూయపడేవాళ్లున్నారని ఆమెకు అప్పుడే తెలిసింది. అయినా ఆమె అసూయ పిసరంతైనా తగ్గలేదు. అదంతా ఆ ముసలావిడ మీదే.

నర్సులు ఆవిడను మెట్ల మామ్మ అని పిలిచేవారు. వచ్చినప్పుడల్లా ఆవిడను పరీక్షగదిలో ట్రెడ్‌మిల్ ఎక్కించేవారు.

"ఇక చాలు మామ్మా, మిషన్ అలిసిపోయింది!" అని లోపలినుంచి నర్సు నవ్వు వినపడేది.

అన్ని ఏళ్లొచ్చిన ఆవిడకు అంత గట్టి గుండె! పద్దెనిమిదేళ్ల నా బిడ్డకు ఇలాంటిదా!

"రోగం లేదు, రొష్టు లేదు. ఎందుకొస్తుందంటారూ?" అని మీసాలాయనను అడిగింది.

"పొద్దుపోకేమో!"

ఒకసారి మామ్మ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "ఎండనపడి వచ్చినట్టున్నావు. కాసిని మంచినీళ్లు తాగు తల్లీ" అంటూ సీసా అందించింది.

"అక్కర్లేదండీ, మేం తెచ్చుకున్నాం" అంది తల్లి.

వాళ్ల సంచిలో నీళ్లు లేవు.

ఆ తర్వాతిసారి మామ్మ ఒంటరిగా రాలేదు. ఇద్దరు తమ్ముళ్లు, ఒక అక్క, చేతికర్రతో తొంభై దాటిన వాళ్లమ్మ! అందరూ గుండ్రాయిల్లా ఉన్నారు. కబుర్లాడుకుంటూ వచ్చి ఖాళీ కుర్చీలన్నీ నింపేశారు. కూతురు గోడకు ఆనుకుని నిలబడింది.

తల్లి ఇక ఆపుకోలేకపోయింది.

"ఇది ఆసుపత్రండీ! విహారయాత్రకొచ్చినట్టు ఇంటిల్లిపాదీ దిగారేమిటి? జబ్బున్నవాళ్లను చూడ్డం మీకంత సరదానా?"

వరండాలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఏమంటోందే?" అంది చెవులు సరిగా వినపడని పెద్దావిడ.

మామ్మ ఆమె చెవి దగ్గరగా వంగింది.

"ఆ పిల్లకు కుర్చీ కావాలటమ్మా. పద, మనం అటెళ్లి నిలబడదాం."

ఆ తర్వాత మామ్మ మళ్లీ కనపడలేదు. తన మాట బాగానే తగిలిందనుకుంది తల్లి.

కొన్ని వారాలకు డాక్టరు రమ్మని ఫోన్ చేశాడు. వెళ్లేసరికి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"యంత్రం అక్కర్లేదమ్మా. ఆ అక్షరం మారినా ప్రోటీన్ తన పని తను చేసుకుపోతుందని తేలింది. ఆ రోజు అమ్మాయి ఎండలో, ఖాళీ కడుపుతో పరిగెత్తి పడిపోయింది, అంతే. రేపటినుంచి మైదానానికి పంపండి."

కూతురు కోచ్‌కి ఫోన్ చెయ్యడానికి బయటికి దూసుకుపోయింది. తల్లి కళ్లు తుడుచుకుంది. ఎలా తేలిందని అడగాలని కూడా తోచలేదు. గుండె తేలికపడేసరికి, లోపల ముల్లులా గుచ్చుకుంటున్నది ఒకటి తగిలింది.

నర్సు దగ్గరకు వెళ్లింది.

"సిస్టర్, మెట్ల మామ్మగారు ఎప్పుడొస్తారు? ఆ రోజు నోరు జారాను."

"ఇక రారండీ. ఆవిడతో పని అయిపోయింది."

"ఎక్కడుంటారు?"

"అది చెప్పకూడదు. చాలా దూరంనుంచి బస్సులు మారి వచ్చేవారు, పాపం."

"పోనీ, ఆవిడ జబ్బు నయమైందా?"

"ఆవిడకు జబ్బెక్కడిదండీ!" అని నవ్వింది నర్సు. "ఎవరో ఆడపిల్లకు గుండె జన్యువులో ఒక అక్షరం మారిందట, అదే మార్పు మామ్మ వాళ్లింట్లోనూ ఉందని వేరే ఊరి ఆసుపత్రిలో బయటపడిందట, దానివల్ల భయం లేదని తేల్చాలంటే ఆ అక్షరంతోనే ముసలితనందాకా హాయిగా బతికిన గుండెలు కావాలని డాక్టరుగారు అడిగితే, పేరైనా తెలియని ఆ పిల్ల కోసం కన్నతల్లితో సహా అందర్నీ వెంటబెట్టుకొచ్చారు."